గొంతు ఆగిన చోట గోదారి

వంశీ పాట చూసేటప్పుడు మనం మామూలుగా బాలు గొంతు వెంటో జానకి గొంతు వెంటో వెళ్లిపోతాం. గొంతు ఆగిన చోట చూడాలి. పల్లవి అయిపోయి చరణం ఎత్తుకునేలోగా ఇళయరాజా వయొలిన్లకో ఫ్లూటుకో అప్పగించే పది పదిహేను సెకన్లు ఉంటాయే, దర్శకుడు అక్కడ దొరుకుతాడు. పాడేవాళ్లు లేరు కాబట్టి పెదాలు కలపనక్కర్లేదు. సాహిత్యం లేదు కాబట్టి అర్థం చూపించనక్కర్లేదు. ఆ ఖాళీని డ్యాన్స్ మాస్టరు చేతిలో పెట్టి ఊరుకున్న దర్శకులే ఎక్కువ. వంశీ మాత్రం కథలో చెప్పకుండా అట్టేపెట్టుకున్నదంతా తెచ్చి అక్కడ పోశారు.

1981 ఆగస్టులో అమెరికాలో ఎమ్‌టీవీ మొదలయ్యాక పాటకు బొమ్మ కట్టడం అనేది విడిగా ఒక వృత్తి అయి కూర్చుంది. క్యూబా లాంటి చిన్న దేశంలో కూడా మ్యూజిక్ వీడియోలకంటూ లూకాస్ పేరుతో అవార్డులున్నాయి. అక్కడి కుర్రాడు నాలుగేసి నిమిషాల పాటలతోనే దర్శకుడిగా పేరు తెచ్చుకోవచ్చు. మనకు అప్పట్లో ఆ దారి లేదు. పాట తీయాలన్న కోరిక ఉన్నవాడు రెండున్నర గంటల సినిమా బరువు మోయాల్సిందే.

అప్పటి తూర్పు గోదావరి జిల్లా పసలపూడిలో 1956లో పుట్టిన వంశీ మద్రాసు చేరి, కె.విశ్వనాథ్ 'శంకరాభరణం'కీ భారతీరాజా 'సీతాకోకచిలుక'కీ సహాయ దర్శకుడిగా పనిచేశారు. పాట పని నేర్చుకోవడానికి అంతకన్నా మంచి బళ్లు ఎక్కడుంటాయి? ఒకాయన పాటను పూజ దగ్గర కూర్చోబెట్టినట్టు కూర్చోబెట్టి తీస్తారు. ఇంకొకాయన దాన్ని సముద్రపు గాలికి వదిలేస్తారు. 1982లో తమిళ కథతో 'మంచుపల్లకీ' తీసి దర్శకుడయ్యేసరికి వంశీకి పాతికేళ్లు దాటాయంతే.

ఏటి ఒడ్డున పాట తీయడం ఆయనతో మొదలైందేమీ కాదు. రాజమండ్రిలో పుట్టిన ఆదుర్తి సుబ్బారావు ఎడిటింగ్ గదిలోంచి దర్శకత్వానికి వచ్చినవారు. ఆయన 'మూగమనసులు' 1964లో వచ్చింది. అందులో హీరోయే పడవ నడిపేవాడు. నరసాపురంలో పుట్టిన బాపు షాట్లను ముందే కాగితం మీద బొమ్మలుగా వేసుకునేవారు. 'సాక్షి'ని 1967లో పులిదిండి ఊళ్లోకి పట్టుకెళ్లారు, 'అందాల రాముడు'ని 1973లో గోదారి మీద లాంచీ ఎక్కించారు. బాపు ఫ్రేములో ఏది ఎక్కడుండాలో అక్కడే ఉంటుంది, చూసే కన్నుకు తీరిక దొరుకుతుంది. వంశీ ఆ తీరిక ఇవ్వరు. కంటి కొస, మువ్వ, తలుపు గొళ్లెం, నీళ్లలో అల్లాడే నీడ, మళ్లీ కన్ను. చూశాం అనుకునేలోపే మారిపోతాయి. తాళానికి కట్టిన బొమ్మలవి.

ఈ పని ఎలా జరిగేదో కొంచెం దగ్గరగా చూద్దాం. ఆ రోజుల్లో పాట ముందే మద్రాసులో రికార్డయ్యేది. టేపును నాగ్రా యంత్రంలో పెట్టుకుని లొకేషన్‌కి తీసుకెళ్లేవారు. అక్కడి శబ్దం సినిమాకు అక్కర్లేదు కాబట్టి, టకటకా మోత పెట్టే చిన్న ఆరీ 2సీ కెమెరా అయినా పనికొచ్చేది. దాన్ని భుజాన వేసుకుని నాటుపడవలోకి దిగొచ్చు, పంటు మీదికి ఎక్కొచ్చు, కొబ్బరిచెట్టు మొదట్లో చతికిలబడొచ్చు. 400 అడుగుల ఫిల్ము వేస్తే నాలుగున్నర నిమిషాలకు కాస్త ముందే అయిపోతుంది. అందుకే పాటను బిట్లు బిట్లుగా కోసుకుని తీస్తారు.

పైట నెమ్మదిగా ఎగరాలి, పెదాలు మాత్రం పాటతో కలవాలి అంటే ఎలా? సెకనుకు 24 ఫ్రేములు తీయాల్సిన చోట 48 తీస్తూ, పాటను రెట్టింపు వేగంతో వినిపిస్తారు. టేపులోంచి జానకి గొంతు చిలక పలుకులా కీచుమంటూ వస్తుంటే హీరోయిన్ నవ్వు ఆపుకుని దానికి పెదాలు కదపాలి. తెర మీద మామూలు వేగానికి వచ్చేసరికి మాట సరిగ్గా కలుస్తుంది, పైట మాత్రం తీరిగ్గా ఎగురుతుంది.

తర్వాత ఎడిటింగ్. పది సెకన్ల ఫ్లూట్ బిట్ అంటే 240 ఫ్రేములు, పదిహేను అడుగుల ఫిల్ము. ఆ పదిహేను అడుగుల్లో ఏడెనిమిది షాట్లు ఇరికించాలంటే ఒక్కొక్కదానికి రెండడుగులు, అటూ ఇటూగా, అంతే. దెబ్బ పడే చోట ఫిల్ము మీద మైనపు పెన్సిలుతో గీత గీసి, దాన్నిబట్టి కోస్తారు. సరిగ్గా గీత మీదే కోయాలా, ఒకటి రెండు ఫ్రేములు ముందే కోయాలా అన్నది ఎడిటరు చెవికి తెలియాలి. పుస్తకంలో దొరికే విద్య కాదిది.

వీటన్నిటికీ ఫలితం 1984 నాటి 'సితార'. ఏడిద నాగేశ్వరరావు నిర్మించారు, వంశీ సొంత నవల 'మహల్లో కోకిల'కు తెర రూపం. కోటలాంటి ఇంట్లో బందీగా బతికే అమ్మాయి, ఆ ఊరికి పగటివేషాలు కట్టడానికి వచ్చిన కుర్రాడు. ఉత్తమ తెలుగు చిత్రంగా జాతీయ అవార్డు దానికే వచ్చింది. 'వెన్నెల్లో గోదారి అందం' పాడిన జానకికి ఒకటి, కూర్పుకు అనిల్ మల్నాడ్‌కి మరొకటి. ఎడిటరుకు జాతీయ అవార్డు రావడాన్ని మనవాళ్లు అంతగా చెప్పుకోరు. నా దృష్టిలో అసలు కబురు అదే. అప్పటికి దర్శకుడికి ఇరవై ఏడేళ్లు.

మరుసటి ఏడాది 'అన్వేషణ'లో హీరోయిన్‌ని పక్షుల కూతల్లో సంగీతం వెతుక్కుంటూ అడవికి పంపారు. అంటే నేపథ్య సంగీతాన్నే కథకు మూలం చేసేశారన్నమాట. తర్వాత కొన్ని సినిమాలకు తానే బాణీలు కట్టుకున్నారంటే ఆశ్చర్యమేముంది?

మెచ్చుకోలు ఒక్కటే రాస్తే అబద్ధమవుతుంది. ఆడమనిషిని ముక్కలుగా చూపించే అలవాటు ఈ శైలికి పుట్టుకతోనే ఉంది. మడమ, నడుము, జడ, మళ్లీ నడుము. 'సితార'లో అది ఆ అమ్మాయి చుట్టూ ఉన్న గోడల్ని గుర్తుచేసేది. తర్వాత్తర్వాత కొన్నిచోట్ల ఉత్త చూపుగానే మిగిలిపోయింది. అవే లాంచీలు, అవే లంకలు, అవే వాలుచూపులు సినిమా తర్వాత సినిమాలో ఎదురవుతుంటే వీరాభిమానికైనా కాస్త మొహం మొత్తుతుంది. ఆ గోదారిని అక్షరాల్లో రాసినప్పుడు మాత్రం ఈ పేచీ లేదు. 'మా పసలపూడి కథలు' స్వాతి వారపత్రికలో బాపు బొమ్మలతో వచ్చినప్పుడు జనం వారం వారం ఎదురుచూసి చదివారు.

ఇప్పుడు కోనసీమ కాలవగట్ల మీద కుర్రాళ్లు సొంతంగా ప్రైవేటు పాటలు తీస్తున్నారు. నాగ్రా చోట బ్లూటూత్ స్పీకరు, 48 ఫ్రేముల చోట 50, ఫిల్ము ఖర్చు సున్నా. సినిమా బరువు మోయకుండా పాట ఒక్కటే తీసే అవకాశం మనవాళ్లకూ వచ్చేసింది. తీరా చూస్తే, ఫ్లూట్ బిట్ రాగానే డ్రోను పైకి లేస్తుంది. పాపికొండలు, పట్టిసీమ, ధవళేశ్వరం ఆనకట్ట పైనుంచి కనబడి, చరణం అందుకోగానే కిందికి దిగుతుంది. అంత ఎత్తునుంచి ఎవరు తీసినా ఒక్కటే గోదారి. మధ్యలో ఎప్పుడైనా ఒకడు డ్రోను దింపేసి, రేవు మెట్ల మీద బట్టలుతికే చప్పుడును తబలా దెబ్బకు సరిపెట్టి కోస్తాడు. అలాంటి పాట తగిలినప్పుడు, తీసిందెవరా అని చివర్లో పేర్లు వెతుక్కుంటాను.