‘చీనా భాగధేయము’ – అసమ సంధుల రద్దు

చియాంగ్ కై-షేక్ పేర 1943 మార్చిలో చుంగ్‌కింగ్ నగరమున వెలువడిన ‘చీనా భాగధేయము’ యుద్ధకాలపు రాజకీయ వాఙ్మయములో విశేషముగ చర్చింపబడిన గ్రంథము. టావో షీ-షెంగ్ అను పండితుని చేయి దాని రచనలో కలదు. ఆ సంవత్సరము జనవరి 11వ తేదీన అమెరికా వాషింగ్టనులోను, బ్రిటను చుంగ్‌కింగ్‌లోను చీనాతో ఒడంబడికలు చేసికొని, నూరేండ్ల నాటి ప్రత్యేక హక్కులను వదలుకొనినవి. ఆ విజయమునకు వ్యాఖ్యానముగ ఈ గ్రంథమును చదువవలెను.

వదలిన హక్కులలో ముఖ్యమైనది న్యాయవిచారణకు సంబంధించినది. చీనాలో నేరము చేసిన ఆంగ్లేయుని గాని అమెరికను గాని చీనా న్యాయాధిపతి విచారింపరాదు. వాని దేశపు కాన్సలు కోర్టే విచారింపవలెను. 1843లో బ్రిటనుకు, 1844లో అమెరికాకు ఈ హక్కు లభించెను. తమ గడ్డపై తమ శాసనము చెల్లకుండుట యెట్టి అవమానమో చియాంగ్ వర్ణించిన పుటలు గ్రంథమున కెల్ల బలమైనవి. నల్లమందు వ్యాపారమును, విదేశీయుల పేటలను గూర్చిన ఆయన కోపము న్యాయమైనదే.

అయితే అంతటితో ఆగక, సేనానుల కలహములు, ఆర్థిక క్షీణత, నీతిపతనము మొదలగు సమస్త దోషములకును సంధులనే మూలముగ చూపుట గ్రంథమునకు బలహీనత. సోవియట్ ప్రభుత్వము 1924లోనే ఈ న్యాయాధికారమును వదలుకొనెను. సుంకములు విధించు స్వాతంత్ర్యము 1928–30 నడుమ చీనాకు మరల దక్కెను. ఈ మార్పుల తరువాతను పల్లె రైతు దైన్యము ఏల తీరలేదను ప్రశ్నకు ఇందు తృప్తికరమైన సమాధానము లేదు. ఉదారవాదమును, సామ్యవాదమును సమముగ పరదేశపు సరకులని త్రోసివేయుట సులభము. తమ పాలనను తూచి చూచుట కష్టము. మిత్రరాజ్యములు నొచ్చుకొనునను జంకు వలన కాబోలు, యుద్ధము ముగియువరకు ఆంగ్లానువాదము వెలుపలికి రాలేదు. 1947లో ఒకటి కాదు, రెండు వచ్చెను.

ఒడంబడికలను చదివిన, గ్రంథపు ఉత్సాహము కొంత చల్లారును. తిరిగి యిచ్చిన షాంఘై, టియెన్‌సిన్ పేటలు అప్పటికి జపాను సేనల చేతిలో నుండెను. పైగా సంతకములకు రెండు దినములు ముందుగనే, జనవరి 9న, జపాను తన అండనున్న వాంగ్ చింగ్-వే ప్రభుత్వమునకు ఇట్టి హక్కులనే వదలుదునని ప్రకటించెను. శత్రువులిరువురును ఒకే దానమునకు పోటీపడిరి!

భారతీయ పాఠకుడు ఆగి చూడవలసిన దొకటి కలదు. బ్రిటిషు ఒడంబడిక యునైటెడ్ కింగ్‌డమ్ పక్షమునను, ఇండియా పక్షమునను జరిగినది. ఇండియా తరఫున సంతకము చేసినవాడు హ్యూ రిచర్డ్‌సన్ అను బ్రిటిషు అధికారి. అప్పటికి గాంధీ, నెహ్రూలు 1942 ఆగస్టు నుండి నిర్బంధములో నున్నారు. 1942 ఫిబ్రవరిలో ఇండియాకు వచ్చి, గాంధీని కలిసికొని, భారతీయులకు నిజమైన రాజకీయాధికార మీయుడని బ్రిటనును బహిరంగముగ కోరిన వాడు ఈ చియాంగే. సార్వభౌమత్వము లేని దేశము పేర మరియొక దేశపు సార్వభౌమత్వము అంగీకరింపబడెను. సంధుల అన్యాయమును అంత దీర్ఘముగ వర్ణించిన గ్రంథమునకు ఇంతకంటె పదునైన ఉదాహరణ దొరకదు.

సాధించినదియు సంపూర్ణము కాలేదు. 1943 మే 21న జరిగిన పత్రముల మార్పిడి ననుసరించి, చీనాలోని అమెరికా సైనికుల నేరములు అమెరికా సైనిక న్యాయస్థానములకే విడువబడెను. యుద్ధావసరమనుట నిజమే, కాని జనవరిలో మూసిన తలుపునకు మేలో కిటికీ తెరచిరి.

కౌలూన్ సంగతి మరియు కఠినము. 1898లో తొంబదితొమ్మిదేండ్లకు కౌలుగ పుచ్చుకొనిన నూతన ప్రాంతములను గూర్చి మాటాడుటకు బ్రిటను అంగీకరింపలేదు. ఆ పట్టుదల వలన ఒడంబడికయే తప్పిపోవు స్థితి రాగా, సంతకము చేయుటే మేలని వెల్లింగ్టన్ కూ చియాంగ్‌నకు నచ్చజెప్పెను. ఆ ప్రశ్నను మరల లేవనెత్తు హక్కు తమకు కలదని చీనా ఒక లేఖలో వ్రాసి యుంచెను. ఆ కౌలు 1997 జూన్ 30న ముగిసెను. మరునాడు హాంకాంగ్‌ను అందుకొనినది చియాంగ్ పక్షము కాదు, 1949లో ఆయనను తైవానునకు తరిమిన పక్షము.