తిత్తి చేసిన పని పెడల్ చేయాలి

హైదరాబాద్ నాచారంలో 1976లో నందమూరి తారక రామారావు నెలకొల్పిన రామకృష్ణ స్టూడియోలో రూపుదిద్దుకొని, 1977 సంక్రాంతికి విడుదలైన ‘దానవీరశూరకర్ణ’ వంటి పౌరాణిక చిత్రాలకు పద్యనాటకం పుట్టినిల్లు. ఆ నాటకంలో హార్మోనిస్టు ఒక చేత్తో మెట్లు నొక్కుతూ, రెండో చేత్తో తిత్తిని నడుపుతూ, నటుడి రాగాలాపన హెచ్చినప్పుడు నాదాన్ని పెంచి, తగ్గినప్పుడు తగ్గిస్తాడు. వాద్యాల ధ్వనులూ, లయలూ, రికార్డింగూ ఒకే పెట్టెలో ఇమిడిన కీబోర్డు వర్క్‌స్టేషన్‌లో రెండు చేతులూ మెట్లమీదే ఉంటాయి కనుక, ఆ తిత్తి పని కాలికింది ఎక్స్‌ప్రెషన్ పెడల్‌దే.

వర్క్‌స్టేషన్‌లోని సీక్వెన్సర్ ధ్వనిని కాక, ఏ మెట్టు ఎప్పుడు ఎంత బలంగా నొక్కారన్న ఆదేశాలను నమోదు చేస్తుంది. నొక్కిన బలం ఆ క్షణంతోనే ఖరారవుతుంది కాబట్టి, నిలిపి ఉంచిన వయొలిన్ల స్వరం క్రమంగా పెరగాలంటే వేరే ఆదేశం కావాలి. వాద్యాలు పరస్పరం ఆదేశాలు పంపుకునే మిడి ప్రమాణంలో 7వ కంట్రోలర్ వాల్యూమ్‌కూ, 11వది ఎక్స్‌ప్రెషన్‌కూ కేటాయించారు. రెండింటి విలువలూ 0 నుంచి 127 దాకా సాగుతాయి. మొదటిది పాటలో ఆ వాద్యానికి దక్కే మొత్తం స్థాయిని నిర్ణయిస్తే, రెండోది ఆ స్థాయికి లోబడి హెచ్చుతగ్గులు చేస్తుంది. అందుచేత భావానికి సంబంధించిన మార్పులను 11తో నమోదు చేసి, వాద్యాల మధ్య తూకానికి 7ను విడిగా ఉంచుకోవడమే సరైన పద్ధతి. లేకపోతే చివర్లో ఒక వాద్యాన్ని కాస్త తగ్గించాలన్నా ఆ హెచ్చుతగ్గులన్నిటినీ మళ్లీ దిద్దవలసి వస్తుంది.

ముందుగా స్వరాలను రికార్డు చేసి, తరువాత అదే ట్రాకుపై ఓవర్‌డబ్ పద్ధతిలో, అంటే ఉన్నదాన్ని చెరపకుండా కొత్తది చేర్చే పద్ధతిలో, పాట వింటూ పెడల్ కదలికను నమోదు చేయాలి. పాట ముగింపులో సున్నాకు దిగిన విలువ మళ్లీ మొదలుపెట్టినప్పుడు అలాగే నిలిచి, వాద్యం వినిపించకుండా పోయే ప్రమాదం ఉన్నందున, తొలి స్వరానికి ముందే ఆరంభ విలువను రాసిపెట్టాలి. మిడి తీగ సెకనుకు 31,250 బిట్లనే మోస్తుంది గనుక, బయటి వాద్యాలను కలిపినప్పుడు అవసరం లేని కదలికలను తొలగించడం మేలు.

పెడల్‌కు బదులు తెరమీద గీసిన హెచ్చుతగ్గుల గీత లెక్కకు సరిపోవచ్చు గాని, పాట వింటూ కదిలిన పాదమే గాయకుడి ఊపిరిని అనుసరించగలదు. ఉప్పల్, నాచారం ప్రాంతాల్లో కీబోర్డు నేర్పే గురువులు వేళ్ల సాధనతో పాటే పెడల్ సాధననూ తొలి పాఠాల్లోనే మొదలుపెట్టాలి.