కథ తడబడినా దెబ్బ తప్పలేదు

‘బర్డ్స్ ఆఫ్ ప్రే’లో లోపాలు ఉన్నాయి. కథ ముందుకూ వెనక్కూ ఊగుతుంది. పేరులో ఉన్న బృందం చివరి ఘట్టంలో గానీ ఒక్కచోట చేరదు. అయినా కొట్లాటలను ఇంత శ్రద్ధగా, ఇంత స్పష్టంగా, ఇంత ఉత్సాహంగా తీసిన సూపర్‌హీరో సినిమాలు వేళ్ల మీద లెక్కపెట్టగలిగినన్నే ఉంటాయి. 2020 ఫిబ్రవరి 7న విడుదలైన ఈ సినిమా గురించి ఎక్కువమంది బృందం కుదరలేదనో, వసూళ్లు రాలేదనో మాట్లాడారు. దాని పనితనం గురించి మాట్లాడినవాళ్లు తక్కువ. ఈ పరిచయం ఆ పనితనం కోసమే.

హార్లీ క్విన్ కామిక్స్ పుస్తకాల్లో పుట్టిన పాత్ర కాదు. 1992లో టీవీలో మొదలైన ‘బాట్‌మాన్: ది యానిమేటెడ్ సిరీస్’ కోసం పాల్ డీనీ, బ్రూస్ టిమ్ ఆమెను జోకర్ పక్కన తిరిగే సహాయకురాలిగా సృష్టించారు. ప్రేక్షకులు అక్కున చేర్చుకున్నాకే ఆమె పుస్తకాల్లోకి వెళ్లింది. 2016లో వచ్చిన ‘సూయిసైడ్ స్క్వాడ్’లో మార్గో రాబీ ఆ పాత్ర వేసింది. ఆ సినిమాను విమర్శకులు ఏకిపారేశారు గానీ రాబీ మాత్రం జనానికి గుర్తుండిపోయింది. ఆ ఒక్క పాత్రను విడిగా తీసుకుని, కొత్త మనుషుల మధ్య పెట్టి అల్లిన స్పిన్-ఆఫ్ ‘బర్డ్స్ ఆఫ్ ప్రే’. రాబీ దీనికి నిర్మాతల్లో ఒకరు. స్క్రిప్టు క్రిస్టినా హాడ్సన్ రాసింది. అంతకుముందు ‘డెడ్ పిగ్స్’ అనే ఒకే ఒక్క సినిమా తీసిన కాథీ యాన్‌కు దర్శకత్వం అప్పగించారు.

కథ చిన్నది. జోకర్ హార్లీని వదిలేశాడు. ఆ సంగతి ఊరంతటికీ తెలిసేలా ఆమె ఏస్ కెమికల్స్ ఫ్యాక్టరీని పేల్చేస్తుంది. జోకర్ అండ పోయిందని తెలియగానే, ఇన్నాళ్లూ ఆమె చేతిలో దెబ్బలు తిన్నవాళ్లంతా పగ తీర్చుకోవడానికి బయల్దేరతారు. ఆ గుంపులో అందరికంటే ప్రమాదకారి క్లబ్ యజమాని రోమన్ సయోనిస్. అతనికి కావలసిన వజ్రాన్ని కసాండ్రా కెయిన్ అనే జేబుదొంగ పిల్ల మింగేసింది. ఆ పిల్ల చుట్టూ హార్లీ, క్లబ్‌లో పాటలు పాడే డైనా లాన్స్, పోలీసు డిటెక్టివ్ రెనే మొంటోయా, కుటుంబాన్ని చంపినవాళ్ల కోసం వెతుకుతున్న హెలెనా బెర్టినెల్లీ చేరతారు.

ఇక పనితనం సంగతి. మన సినిమాల్లో ఫైట్ మాస్టర్లు చేసే పనిని ఇక్కడ జోనథన్ యూసేబియో, 87ఎలెవన్ బృందం చేశారు. ‘జాన్ విక్’ సినిమాల పోరాటాల వెనక ఉన్న బృందం ఇదే. ప్రధాన చిత్రీకరణ అయ్యాక మరికొంత యాక్షన్ జోడించడానికి ‘జాన్ విక్’ దర్శకుడు చాడ్ స్టహెల్‌స్కీ కూడా వచ్చాడు. ఈ బడి పద్ధతి తెలిసిందే: నటులకు ముందుగా కఠినమైన శిక్షణ ఇస్తారు, కెమెరాను వెనక్కి జరిపి ఒళ్లంతా కనబడేలా పెడతారు, దెబ్బ తగిలే క్షణంలో షాట్ కోయరు. చాలా సూపర్‌హీరో సినిమాల్లో దెబ్బ ఎక్కడ మొదలై ఎక్కడ తగిలిందో చూసేవాడికి అంతు చిక్కదు. ఇక్కడ ప్రతి అడుగూ కంటికి ఆనుతుంది.

పోలీస్ స్టేషన్ ఘట్టం దీనికి పాఠం లాంటిది. కసాండ్రాను ఎత్తుకుపోవడానికి వచ్చిన హార్లీ చేతిలో పెద్ద తుపాకీ ఉంటుంది. అందులోంచి మెత్తటి సంచులూ రంగు పొగా తళుకులూ దూసుకొస్తాయి. పోలీసులు కూలిపోతారు, ఎవరూ చావరు. ఈ ఒక్క ఎంపికతో నాయిక ఎంత దూరం వెళ్తుందో, ఎక్కడ ఆగుతుందో దర్శకురాలు మాటల్లేకుండా చెప్పేసింది. తర్వాత ఖైదీల గదులు తెరుచుకుంటాయి, పైనుంచి నీళ్లు కురుస్తుంటే తడినేల మీద మరో పోరాటం. ఆ తర్వాత సాక్ష్యాలు దాచే గదిలో బేస్‌బాల్ బ్యాట్‌తో ఇంకొకటి. మూడు చోట్లా నేల వేరు, వెలుతురు వేరు, చేతిలో ఆయుధం వేరు. ఒకదాని వెంట ఒకటి వచ్చినా విసుగు పుట్టదు. బ్యాట్ పోరాటంలో రాబీ నడుము తిప్పే తీరు, ఎగిరి పడే తీరు చూస్తే జిమ్నాస్ట్ ఒళ్లు గుర్తొస్తుంది. హార్లీ ఒకప్పుడు జిమ్నాస్ట్ అన్నది కామిక్స్‌లో ఎప్పటినుంచో ఉన్న వివరమే. దాన్ని డైలాగులో పెట్టకుండా ఒంట్లో పెట్టారు.

మిగతావాళ్లకూ ఇదే శ్రద్ధ దక్కింది. డైనా కాళ్లతో కొడుతుంది. జర్నీ స్మోలెట్ ఎత్తిన కాలు ఎదుటివాడి దవడ దాకా వెళ్లడం పూర్తిగా కనబడుతుంది. హంట్రెస్ అనే పేరు కోరుకునే హెలెనా చిన్నప్పటినుంచీ హంతకుల దగ్గర శిక్షణ పొందింది కాబట్టి ఒక్క కదలికా వృథా చేయదు. రోజీ పెరేజ్ వేసిన మొంటోయా వయసు మీదపడిన పోలీసు, వీధి కొట్లాటలా పిడికిళ్లతో దిగుతుంది. నలుగురి ముఖాలూ కప్పేసినా ఎవరు ఎవరో కొట్టే పద్ధతిని బట్టే చెప్పవచ్చు. పాత్రచిత్రణ అంటే ఇదీ.

పాడుబడ్డ అమ్యూజ్‌మెంట్ పార్కులో జరిగే పతాక ఘట్టంలో ఒక చిన్న క్షణం ఉంది. ముసుగు రౌడీలు చుట్టుముట్టి ఉండగా, జుట్టు ముఖం మీద పడి ఇబ్బంది పడుతున్న డైనాకు హార్లీ ఒక రబ్బరు బ్యాండ్ అందిస్తుంది. డైనా జుట్టు ముడేసుకుని మళ్లీ పోరాటంలోకి దూకుతుంది. పొడుగు జుట్టుతో పని చేసే ఏ స్త్రీకైనా తెలిసిన సంగతి ఇది. ఇన్నేళ్ల సూపర్‌హీరో సినిమాల్లో ఎవరికీ పట్టలేదు. దర్శకురాలూ రచయిత్రీ ఇద్దరూ ఆడవాళ్లైన సినిమాలోకి అది సహజంగా వచ్చి కూర్చుంది. దుస్తుల విషయమూ అంతే. 2016లో హార్లీని కెమెరా చూసిన చూపు వేరు. ఇక్కడ ఎరిన్ బెనాక్ రూపొందించిన రిబ్బన్లు వేలాడే జాకెట్టూ బంగారు రంగు ఓవరాల్సూ హార్లీ తన సరదా కోసం తొడుక్కున్నట్టుంటాయి. ఒకరిని మెప్పించే అవసరం తీరిపోయిన మనిషి కథకు ఆ బట్టలే తగినవి.

కొట్లాటల బయట కూడా ఈ శ్రద్ధ తగ్గలేదు. మత్తు దిగని పొద్దున హార్లీ ఒక చిన్న కొట్లో గుడ్డు శాండ్‌విచ్ చేయించుకుంటుంది. పెనం మీద గుడ్డు చిటపటలాడటం, చీజ్ కరగడం, బ్రెడ్ మూత పడటం, వీటిని ఛాయాగ్రాహకుడు మాథ్యూ లిబాటిక్ ప్రేమకథలో నాయకుణ్ని చూపినట్టు దగ్గరగా, నింపాదిగా చూపించాడు. ‘బ్లాక్ స్వాన్’, ‘ఎ స్టార్ ఈజ్ బార్న్’ తీసిన చెయ్యి అది. అంతలో మొంటోయా తరుముకొస్తుంది, పరుగులో శాండ్‌విచ్ నేలపాలవుతుంది. హార్లీ ముఖంలో కనబడే దుఃఖం నిజమైనది. జోకర్ పోయినప్పటి బాధ కంటే ఆ ఒక్క ముద్ద పోయినప్పటి బాధే ప్రేక్షకుడికి ఆమెను దగ్గర చేస్తుంది.

ఇంత చేసిన సినిమా ఎక్కడ జారింది? మొదటిది కథనం. పోలీస్ స్టేషన్ దాడి మొదలుపెట్టి, అది ఎందుకో చెప్పడానికి వెనక్కి వెళ్లి, ఆ మధ్యలో ఇంకొకరి గతం ఎత్తుకుంటుంది. హార్లీ స్వయంగా కథ చెబుతోంది కాబట్టి ఆమె మనసులాగే కథా గెంతుతుందని సమర్థించుకోవచ్చు. కొంతవరకు అది పనిచేసింది కూడా. కానీ ఆ గెంతుల వల్ల హెలెనాకు దక్కాల్సిన సమయం దక్కలేదు. తన పేరు గంభీరంగా చెప్పడం అద్దం ముందు సాధన చేసే ఆ బిడియపు హంతకురాలిగా మేరీ ఎలిజబెత్ విన్‌స్టెడ్ తెర మీదికి వచ్చిన ప్రతిసారీ ఇంకాసేపు ఉంటే బాగుండుననిపిస్తుంది.

రెండోది కసాండ్రా. 1999లో కామిక్స్‌లోకి వచ్చిన కసాండ్రా కెయిన్ మాటలు రాని, ఎదుటివాడి కదలికలను అక్షరాల్లా చదవగల అపూర్వమైన యోధురాలు. సినిమాలో ఆ పేరు మాత్రమే మిగిలింది. ఇల్లా జే బాస్కో చలాకీగా నటించినా, పోరాటాన్నే భాషగా వాడుకున్న ఈ సినిమాలో పోరాటమే భాషగా ఉన్న పాత్రను వదులుకోవడం పెద్ద నష్టం. 1996 నుంచి వచ్చిన ‘బర్డ్స్ ఆఫ్ ప్రే’ కామిక్స్‌కు గుండెకాయ అయిన బార్బరా గోర్డన్ అసలు కనబడదు.

మూడోది ప్రతినాయకుడు. క్లబ్‌లో ఎవరో నవ్వితే తనను చూసే నవ్విందనుకుని, రోమన్ ఆ స్త్రీని బల్లెక్కించి అందరి ముందూ అవమానించే దృశ్యం ఒళ్లు గగుర్పొడిపిస్తుంది. యూవన్ మెక్‌గ్రెగర్ అందులో అహంకారాన్ని లోతుగా చూపించాడు. అంత భయం పుట్టించిన మనిషి ముగింపు మాత్రం హడావుడిగా తేలిపోయింది.

సినిమా ప్రపంచవ్యాప్తంగా దాదాపు 20 కోట్ల డాలర్లు వసూలు చేసింది. ఇది ఆశించిన మొత్తం కంటే తక్కువ. నెల తిరిగేసరికి కోవిడ్ వచ్చి థియేటర్లు మూతపడ్డాయి, మార్చిలోనే సినిమా ఇళ్లకు చేరింది. లెక్కల పుస్తకంలో దీన్ని పరాజయంగానే రాశారు. చేతిపని లెక్కలో మాత్రం ఇది గెలిచిన సినిమా. కథ కోసం వెళ్తే సగమే తృప్తి దొరుకుతుంది. మనిషి ఒళ్లు కదిలే తీరుతో మనిషి స్వభావం ఎలా చెప్పవచ్చో తెలుసుకోవాలంటే తప్పక చూడాలి. హింస, బూతులు ఎక్కువ కాబట్టి పిల్లలను పక్కన పెట్టి చూడండి. వీలైతే పోలీస్ స్టేషన్ ఘట్టాన్ని రెండోసారి శబ్దం తీసేసి, కాళ్ల మీదే కన్నుంచి చూడండి. పోరాటాలు కూర్చినవారి ప్రతిభ అప్పుడు పూర్తిగా తెలుస్తుంది.