అమెరికా అంతర్యుద్ధం: కన్నీళ్ళ కథ, కొమ్ముబూర కథ

మనలో చాలామందికి అమెరికా బానిసత్వం ‘ఏడు తరాలు’ చదివితే తెలిసింది. అంతర్యుద్ధం సంగతి మాత్రం పాఠ్యపుస్తకాల్లోంచి వచ్చింది. ఉత్తరాన ఫ్యాక్టరీలు, దక్షిణాన పత్తి తోటలు, మధ్యలో సుంకాల తగాదా. చివర్లో లింకన్ వచ్చి సంకెళ్ళు తెంచాడు. దీనికి ఇంకో పిట్టకథ కూడా ఉంది. హారియట్ బీచర్ స్టోవ్ అనే తెల్లావిడ 1852లో ‘అంకుల్ టామ్స్ కాబిన్’ నవల తెచ్చింది, అది చదివి ఉత్తరాది కన్నీరు పెట్టుకుంది, ఆ కన్నీళ్ళే యుద్ధమయ్యాయట. ఈ మాట లింకనే ఆవిడతో అన్నాడంటారు. ఆనాడు ఎవరూ రాసిపెట్టిన దాఖలా లేదు, అయినా కథ బతికింది.

మరి దాదాపు 40 లక్షలమంది బానిసలు ఈ కథలో ఏం చేస్తున్నట్టు? జాలి చూపించేవాళ్ళ కోసం ఎదురు చూస్తున్నారా?

నవలని కొట్టిపారెయ్యటం మా ఉద్దేశం కాదు. తొలి ఏడాదే అమెరికాలో 3 లక్షల ప్రతులు అమ్ముడుపోయాయి. 1850లో వచ్చిన పరారీ బానిసల చట్టం మీద కోపంతో పుట్టిన పుస్తకం అది. ఆ చట్టం ఎంత నీచమైందో చూడండి. పట్టుబడిన మనిషికి తన తరఫున సాక్ష్యం చెప్పుకునే హక్కు లేదు. జ్యూరీ లేదు. యజమానికి అప్పజెపితే కమిషనర్‌కి 10 డాలర్లు, వదిలేస్తే 5 డాలర్లు. ఆశ్రయమిచ్చినవాడికి జైలు, జరిమానా. ఆ చట్టానికి ఓటేసిన సెనెటర్ ఇంటికే బిడ్డనెత్తుకుని ఎలైజా వస్తే అతని గొంతులో వెలక్కాయ పడటం స్టోవ్ బాగా రాసింది. ఆ అధ్యాయం ఇప్పటికీ చదవాల్సిందే.

అయితే తర్వాత ఎవరికి ఏం దక్కింది? దెబ్బలు తింటూ క్షమించిన టామ్ దేవుడయ్యాడు. పిస్తోలు పట్టుకుని నిలబడ్డ జార్జ్ హారిస్‌ని చివరికి కుటుంబంతో సహా లైబీరియా పంపించేసింది. టాప్సీ కూడా ఆఫ్రికాకే. అంటే, విడుదలైన నల్లమనిషి పక్కింట్లో ఉండటాన్ని ఆవిడ ఊహించలేకపోయింది. ఈ తప్పుని 1853లోనే నల్లజాతి రచయిత మార్టిన్ డెలానీ ఫ్రెడరిక్ డగ్లస్ పత్రికలో నిలదీశాడు. (‘మాలపల్లి’లో కూడా మన క్లాసురూములు సంగదాసు చావుకి ఏడవటం నేర్పాయి. వెంకటదాసు తిరుగుబాటు దగ్గరికొచ్చేసరికి గబగబా పేజీలు తిప్పాయి.)

నవల పక్కన మేం ఇంకో రచన పెట్టి చదవమంటాం. విలియం పార్కర్ మేరీలాండ్ నుంచి పారిపోయొచ్చిన బానిస. పెన్సిల్వేనియాలో క్రిస్టియానా దగ్గర కాపురం పెట్టాడు. మనుషుల్ని ఎత్తుకుపోయేవాళ్ళని ఎదిరించటానికి తోటివాళ్ళని కూడగట్టాడు. 1851 సెప్టెంబర్ 11 తెల్లారగట్ల, ఎడ్వర్డ్ గోర్సచ్ అనే యజమాని తన దగ్గర్నుంచి పారిపోయినవాళ్ళ కోసం ప్రభుత్వ అధికారిని వెంటబెట్టుకుని పార్కర్ ఇంటి మీదకొచ్చాడు. పార్కర్ భార్య మేడమీద కిటికీ దగ్గర మోకాళ్ళ మీద కూచుని, తుపాకీ గుళ్ళు వస్తున్నా ఆపకుండా కొమ్ముబూర ఊదింది. చుట్టుపక్కల నల్లవాళ్ళు చేతికందింది పట్టుకుని పరిగెత్తుకొచ్చారు. గోర్సచ్ చచ్చాడు. పార్కర్ డగ్లస్ సాయంతో కెనడా చేరాడు. ముప్ఫై మందికి పైగా రాజద్రోహం కేసు పెట్టారు గానీ, మొదట విచారించిన తెల్లాయనే నిర్దోషిగా బయటపడటంతో కేసు నీరుగారిపోయింది. దక్షిణాది మండిపడింది.

పార్కర్ ఇదంతా తన మాటల్లోనే చెప్పాడు. 1866లో ‘అట్లాంటిక్ మంత్లీ’లో అచ్చయింది. అందులో ఎవర్నీ జాలి అడగడు. ఏ గదిలో ఎవరున్నారు, గోర్సచ్ ఏమన్నాడు, తను ఏం జవాబిచ్చాడు, అంతే. పాఠకుణ్ణి ఏడిపించాలని ఎక్కడా ఆగడు. అయినా ముందుమాట ఒక తెల్ల సంపాదకుడిదే. దీన్ని సరిదిద్దండి, లేదా కథగా అల్లండి అని రాతప్రతి ఆయన చేతికిచ్చారట. మన పుస్తకాలకి ముందుమాటలు ఎవరితో రాయించుకుంటున్నామో గుర్తొచ్చి నవ్వొచ్చింది.

పారిపోయిన ప్రతి మనిషీ ఉత్తరాది రాష్ట్రాల ముందు ఒకే ప్రశ్న పెట్టాడు: పట్టిస్తారా, పట్టించరా? 1854లో బోస్టన్‌లో ఆంథొనీ బర్న్స్‌ని వెనక్కి పంపటానికి సైన్యాన్ని దించాల్సొచ్చింది. చాలా రాష్ట్రాలు ఆ చట్టానికి అడ్డంపడే సొంత చట్టాలు చేసుకున్నాయి. 1857లో డ్రెడ్ స్కాట్ అనే బానిస స్వేచ్ఛ కోసం వేసిన దావాలో, నల్లవాళ్ళు అసలు పౌరులే కారని సుప్రీంకోర్టు తేల్చింది.

యుద్ధం ‘రాష్ట్రాల హక్కుల’ కోసం అనేవాళ్ళు 1860 డిసెంబర్ 24 నాటి దక్షిణ కరోలినా ప్రకటన చదవాలి. యూనియన్ నుంచి ఎందుకు విడిపోతున్నారో అందులో వాళ్ళే రాసుకున్నారు. పుస్తకాలు, బొమ్మలు పంపి బానిసల్ని రెచ్చగొడుతున్నారన్న ఏడుపు అందులో ఉంది, ఆ వాటా స్టోవ్‌లాంటి వాళ్ళకి ఇద్దాం. కానీ చట్టపరంగా వాళ్ళు పట్టుకున్న ప్రధాన ఫిర్యాదు వేరు. పరారైనవాళ్ళని అప్పగించటం లేదని ఉత్తరాది రాష్ట్రాల్ని పేరుపేరునా ఏకరువు పెట్టారు. ఆ రాష్ట్రాలు తమ హక్కు వాడుకోవటమే వీళ్ళ కడుపుమంట. పార్కర్ దంపతుల పేర్లు అందులో లేవు. వాళ్ళలాంటి వాళ్ళు చేసిన పని మాత్రం ఉంది, అదీ యజమానుల చేతిరాతతో.