టెయిల్ ల్యాంపు

"అయిపోయింది" అను మాటతో నాకుగల పాతవైరము ఈ శీర్షిక చదువరులకు క్రొత్త కాదు. గతవారము బిలాస్‌పూరులోని మా మంగ్లాలో పొరుగింటి పిన్నిగారు మూడునెలలుగా పొత్తికడుపు నొప్పిని దాచుకొని, నేను గద్దించి అడుగగా, "ముట్లుడిగి పదేళ్లయిందే అమ్మాయ్, ఆ జబ్బు అప్పుడే అయిపోయింది" అనిరి. నలువదవయేట అండాశయమునుండి చాక్లెట్ సిస్టు తీయించుకొన్న సంగతి ఆమె డాక్టరుకు చెప్పలేదు, అడిగినవారును లేరు.

బెంగాల్ నాగపూర్ రైల్వే నాడు బిలాస్‌పూరు చేరిన తెలుగు కుటుంబము మాది. క్యాబిన్‌లో పనిచేసిన మా నాన్నగారు, ఇంజను పోయినను, పెట్టెలన్నియు పోయినను, కడపటి పెట్టె వెనుక టెయిల్ ల్యాంపు కంటబడువఱకు బండి పోయినదని ఒప్పుకొనెడివారు కారు. తెగిన పెట్టె యొకటి సెక్షనులో నిలిచియుండవచ్చుననియు, దానిమీదికి వెనుకబండిని పంపరాదనియు ఆయన పట్టుదల. అన్నము చల్లారుచున్నదని అమ్మ విసుగుకొన్న వానరాత్రులలోను ఆయన లాంతరుతో కిటికీకడనే నిలిచెడివారు.

పిన్నిగారి చాక్లెట్ సిస్టుకు మూలమైన ఎండోమెట్రియోసిస్ విషయమున ముట్లుడుగుట ఇంజను పోవుటయే. గర్భాశయపు లోపొరవంటి కణజాలము అన్యత్ర నాటుకొని, రుతువిరతి పిదపను కొవ్వులో పుట్టు ఈస్ట్రోజన్‌తోనో, హార్మోను మందుబిళ్లలతోనో జీవించియుండగలదు. అట్టి కణజాలము అరుదుగా క్యాన్సరుగా మారగలదని సాంప్సన్ అను అమెరికా వైద్యుడు 1925లోనే వ్రాసినాడు. ఎక్కువగా మారునది అండాశయమున.

ఇంతవఱకు వ్రాసి, ఈ వ్యాధి వచ్చిన ప్రతి స్త్రీయు పరీక్షలకు పరుగెత్తవలెనని హెచ్చరింపబోవుచుండగా, 2012లో ఈ ఛత్తీస్‌గఢ్‌లోనే, క్యాన్సరు వచ్చునని బెదరించి, బీమాసొమ్ముకై పేదస్త్రీల గర్భసంచులు అనవసరముగా తీసిరను ఆరోపణలు జ్ఞప్తికి వచ్చి కలము ఆగినది. మనవారి సంగతియో, 2015-16 జాతీయ కుటుంబారోగ్య సర్వే ప్రకారము ఆంధ్రప్రదేశ్‌లో 15-49 ఏండ్ల స్త్రీలలో 8.9 శాతము గర్భసంచి పోగొట్టుకొన్నవారే. దేశమున అదే అధికము. అండాశయములు, మిగిలిన కణజాలము లోపలనుండగా ఆ కోతతో ఈ అపాయము తీరదు. పైగా అపాయమే చిన్నది: సామాన్య స్త్రీలలో అండాశయ క్యాన్సరు జీవితకాలమున నూటికొకరికి కొంచెము పైగా వచ్చుచుండగా, ఈ వ్యాధి గలవారిలో ఇద్దరు ముగ్గురికి మించదు.

కనుక నా పెద్ద హెచ్చరికను కొట్టివేసినాను. ముట్లుడిగిన పిమ్మట రక్తము కనబడినను, క్రొత్తనొప్పియో, పెరుగు సిస్టో ఉన్నను చూపించుకొనవలెను. పాత ఆపరేషను సంగతి అడుగకున్నను చెప్పవలెను. హార్మోను బిళ్లకు ముందైతే తప్పక చెప్పవలెను. పిన్నిగారితో ఇంతే అన్నాను. సోమవారము స్కానింగుకు ఒప్పుకొనిరి. ట్రంకుపెట్టె రెండుమారులు దించినాము. ఆ ఆపరేషను నాటి పాతకాగితము మాత్రము ఇంకను దొరకలేదు.