మా మీద రాసిన మానవశాస్త్రం

మానవశాస్త్రం మమ్మల్ని నూరేళ్లకు పైగా చదువుతోంది. మేమే దాన్ని చదవలేదు. ఇబ్రహీంపట్నం, కొండపల్లి, గొల్లపూడి, భవానీపురం మొహల్లాల్లోంచి కాలేజీకి వెళ్లే మా పిల్లలకు తెలిసిన గ్రూపులు ఎంపీసీ, బైపీసీ, సీఈసీ. ఆ తర్వాత బీకాం, లేదంటే ఐటీఐ, అదీ లేదంటే ఆటోనగర్లో మెకానిక్ షెడ్డు. ఆంత్రోపాలజీ అనే మాట యెప్పుడైనా చెవిన పడితే అది సివిల్స్ కోచింగ్ సెంటర్ల పుణ్యాన పడుతుంది. సిలబస్ తక్కువ, మార్కులొస్తాయి, ఆప్షనల్‌గా తీసుకోండి అని చెప్తారు. మనిషిని గురించిన శాస్త్రం మా దగ్గరికి పరీక్ష కిటుకుగా వచ్చింది తప్ప చదువుగా రాలేదు.

కూడూ గుడ్డా లేనోళ్లకు మానవశాస్త్రం యెందుకని మాలోనే కొందరు అడుగుతారు. న్యాయమైన ప్రశ్నే. కానీ మా కూడూ గుడ్డా కూడా ఆ శాస్త్రంతో ముడిపడి వున్నాయి. మేం యెవరం, వెనకబడ్డామా లేదా, మా పిల్లకు సీటు రావాలా వద్దా అని తేల్చే కాగితాల వెనక యీ శాస్త్రం రాసిన పుస్తకాలున్నాయి. అందుకే వాటిని వరసగా చూడాలి.

మొదట ఎడ్గార్ థర్‌స్టన్. మద్రాసు మ్యూజియం సూపరింటెండెంటుగా పనిచేసిన యీ దొర, కె. రంగాచారి సాయంతో 1909లో దక్షిణ భారతదేశపు కులాలు, తెగల మీద యేడు సంపుటాలు అచ్చేశాడు. కృష్ణా జిల్లా అప్పుడు మద్రాసు ప్రెసిడెన్సీలోది కాబట్టి మా తాతముత్తాతలు యీ సంపుటాల కిందికే వస్తారు. మనుషుల తలలూ ముక్కులూ కొలిచి అంకెలు వేసుకోవడం ఆయన పద్ధతి. ఆయన కంటే ముందు 1901 జనాభా లెక్కలకు పెద్దగా వున్న రిస్లీ, ముక్కు కొలతను బట్టి కులాల హెచ్చుతగ్గులు చెప్పొచ్చన్నాడు. థర్‌స్టన్ పుస్తకంలో కులాలన్నీ ఇంగ్లీషు అక్షరక్రమంలో వుంటాయి, మ్యూజియం అలమరలో చచ్చిన పిట్టల్ని పేర్చినట్టు. దూదేకులవాళ్లూ, లబ్బైలూ, మాప్పిళ్లలూ, నవాయతులూ అందరూ ఆ అలమరలో వున్నారు. వాళ్ల గొంతు వినిపించేది మాత్రం అరుదు.

ఆ కొలతల సంగతి యేమైందో కూడా చెప్పుకోవాలి. థర్‌స్టన్ సంపుటాలు వచ్చిన రెండేళ్లకే, 1911లో, ఫ్రాంజ్ బోయాస్ అమెరికాకు వలసొచ్చిన కుటుంబాల మీద చేసిన పరిశోధన బయటికొచ్చింది. అక్కడ పుట్టిన పిల్లల తలల ఆకారం తల్లిదండ్రుల తలల్లాగే వుండడం లేదని ఆయన చూపించాడు. తిండీ, చోటూ మారితే తలే మారేటప్పుడు, తలను కొలిచి జాతి తేల్చేదేముంది? దొరల కొలబద్ద ఆనాడే విరిగింది. దాంతో కొలిచి రాసిన పుస్తకాలు మాత్రం యిప్పటికీ ఆఫీసుల్లో ఆధారాలుగా చలామణీ అవుతున్నాయి.

పేరు సంగతి చూడండి. పత్తి యేకి దూది చేసే పని మీద దూదేకుల అన్నారు. ఆ పనికే మరో పేరు పింజారి. యీ జనం తమకు తాము గౌరవంగా చెప్పుకునేది నూర్‌బాషా అని. కృష్ణా, గుంటూరు జిల్లాల పల్లెల్లో యింట్లో తెలుగే మాట్లాడే ముస్లింలు వీళ్లు. వీరబ్రహ్మంగారి శిష్యుడు సిద్దయ్యను కన్నది కూడా యీ కులమే. ఆ సిద్దయ్యను పాటల్లో పొగిడే తెలుగు సమాజం, పింజారి అనే మాటను తిట్టు చేసుకుంది. సినిమాల్లో హాస్యగాడు ఆ తిట్టు తిడితే హాలంతా నవ్వింది. కష్టం చేసుకు బతికే మనిషి వృత్తి పేరు యెట్లా తిట్టయిందో ఏ మానవశాస్త్రం విడమరిచి చెప్పింది? అది చెప్పాలంటే తిట్టేవాడిని కూడా కొలవాలి. యీ శాస్త్రం యెప్పుడూ తిట్లు తిన్నవాడినే కొలిచింది.

పుస్తకం అట్ట మీద ముస్లిం పేరుంటే సరిపోతుందా అంటే, అదీ లేదు. 1920లో సయ్యద్ సిరాజుల్ హసన్ నిజాం రాజ్యంలోని కులాలు, తెగల మీద పెద్ద పుస్తకం తెచ్చారు. పాలించేవాడు పాలితుల జాబితా రాసుకునే ఆ దొర పద్ధతి అక్కడా మారలేదు. రాసేవాడి మతం వొక్కటే చూపును మార్చదు. అతడు యెవరి పక్కన కూచుని రాస్తున్నాడనేది చూడాలి.

స్వతంత్రం వచ్చాక శాస్త్రం మ్యూజియం వదిలి వూళ్లోకి వచ్చింది. ఎస్.సి. దూబె 1955లో అచ్చువేసిన 'ఇండియన్ విలేజ్' హైదరాబాదు దగ్గరి షామీర్‌పేట మీద రాసింది. తలలు కొలవడం పోయి, మనుషుల యింట్లో కూచుని మాట్లాడడం వచ్చింది. యిది పెద్ద ముందడుగే. అయితే ఆ బృందం వూళ్లో దిగింది 1951లో. పోలీసు చర్య జరిగి అప్పటికి మూడేళ్లే. రాజధాని పక్కనే వున్న వూళ్లో ముస్లిం యిళ్లల్లో 1948 యెట్లా మిగిలివుందో ఆ పుస్తకంలో వెతికితే మాకు కావాల్సినంత దొరకదు. వూరు వొక యంత్రంలా, ముస్లిం అందులో వొక మరలా కనబడతాడు. ఆ భయాన్నీ, ఆ మౌనాన్నీ మనుషుల నోళ్ల నుంచే విని రాసిన అఫ్సర్ మహమ్మద్ 'రీమేకింగ్ హిస్టరీ' 2023లో గానీ రాలేదు. మధ్యలో డెబ్బై యేళ్లు గడిచాయి. విన్నవాళ్లు లేక కాదు, చెప్పమని అడిగినవాళ్లు లేక.

యిక మాలోని సంగతి. ఇస్లాంలో కులం లేదు, నిజమే. ముస్లింలలో లేదా? ఇంతియాజ్ అహ్మద్ 1973లో ముస్లింలలో కులం మీద సంపాదకత్వం వహించిన వ్యాస సంపుటి, వున్నదున్నట్టు చూపింది. ఆ చూపు మా పెద్దలకు నచ్చలేదు. మసీదులో భుజం భుజం ఆనించి నిలబడ్డ నూర్‌బాషా పిల్లగాడికి, అదే వరసలో నిలబడ్డ సయ్యదు యింటి నుంచి పెళ్లి సంబంధం వస్తుందా? హజ్జాం బిడ్డకు వస్తుందా? మానవశాస్త్రం పరాయోళ్ల కుట్ర అని తోసిపుచ్చేవాళ్లలో చాలామందికి యీ ప్రశ్నే అసలు భయం.

యీ ప్రశ్న యింట్లోనే వుండిపోలేదు, కోర్టుకెక్కింది. దూదేకులవాళ్లు 1970 నాటి బీసీ జాబితాలోనే వున్నారు. మిగిలిన ముస్లింలకు 2004లో యిచ్చిన రిజర్వేషన్‌నీ, 2005లో చేసిన చట్టాన్నీ హైకోర్టు కొట్టేసింది. మతం మొత్తానికి యివ్వడం కుదరదు, వెనకబడ్డ గుంపులేవో తేల్చమన్న చోటికి వ్యవహారం వచ్చింది. 2007లో పి.ఎస్. కృష్ణన్ నివేదిక ఆ గుంపుల్ని వేరుచేసి చూపింది. నాలుగు శాతంతో బీసీ-ఇ వచ్చింది. అచ్చుకట్టలవాళ్లు, అత్తరు సాయిబులు, తురక చాకలి, ఫకీరు, గారడీ సాయిబులు, గుడ్డి ఎలుగువాళ్లు, హజ్జాం, కురేషి, షేక్, సిద్ది… యీ పేర్లు చదివితే థర్‌స్టన్ అలమర తలుపులు మళ్లీ తెరుచుకున్నట్టుంటుంది. సయ్యద్, మొగల్, పఠాన్, ఇరానీ, అరబ్, బోహ్రా, కచ్చీ మెమన్ లాంటివాళ్లను బయట వుంచారు. 2010 ఫిబ్రవరిలో హైకోర్టు దీన్నీ కొట్టేస్తే, మార్చిలో సుప్రీంకోర్టు మధ్యంతర ఉత్తర్వు దాన్ని నిలబెట్టింది. అప్పటి నుంచి మా పిల్లల సీట్లు ఆ ఉత్తర్వు నీడలోనే నడుస్తూ వచ్చాయి.

యిందులో పాఠం యేమిటి? పేరుకు ముందు షేక్ అని వుండడం కృష్ణా జిల్లాలో వేలమందికి వొక అలవాటు, వొక మర్యాద. సర్టిఫికెట్ మీద అదే కులం. యింట్లో వొకరి పేరు షేక్ అనీ, యింకొకరి పేరు ఖాన్ అనీ బడిలో రాయిస్తే, గుమాస్తా ముందు అన్నదమ్ములు రెండు కులాలవుతారు. యెలుగుబంటిని ఆడించడం చట్టం మాన్పించింది, రోళ్లకు గంట్లు పెట్టే పని మిక్సీలు మాన్పించాయి. పని పోయినా పేరు మిగిలింది, ఆ పేరు మీదే హక్కు మిగిలింది. రేపు యే కోర్టో మళ్లీ ఆధారాలు చూపమంటే మేం యేం చూపిస్తాం? దొర రాసిన పేజీలూ, 1985లో ఆంత్రోపలాజికల్ సర్వే మొదలుపెట్టి 4,635 సమూహాల్ని లెక్కతేల్చిన 'పీపుల్ ఆఫ్ ఇండియా' సంపుటాలూనా? మా గురించి మేం పోగుచేసిన పేజీ వొక్కటైనా వుండొద్దా?

అట్లా లోపలి నుంచి రాసిన పుస్తకం లేకపోలేదు. అఫ్సర్ 2013లో ఇంగ్లీషులో తెచ్చిన 'ది ఫెస్టివల్ ఆఫ్ పీర్స్' అనంతపురం జిల్లా గూగూడు కుళ్లాయప్ప పీర్ల పండగ మీద రాసింది. తెలుగు కవి, ముస్లిం, పీర్ల గుండం యెరిగినవాడు రాశాడు కాబట్టి అందులో జనం అలమరలో పిట్టల్లా లేరు. తమ ఫకీరీ గురించి, తమ మొక్కుల గురించి తామే వాదించుకుంటారు. అసలైన ఇస్లాం యిది కాదని వచ్చి చెప్పేవాళ్లతోనూ తలపడతారు. మంచి పుస్తకం. మా ఫిర్యాదల్లా అది చదవాల్సిన గూగూడుకు, ఇబ్రహీంపట్నానికి అందే భాషలో లేకపోవడమే. మా మీద వచ్చిన మంచి పుస్తకమూ మాకు ఇంగ్లీషులోంచే రావాలా?

యిక్కడ సెక్యులర్ మిత్రులతో వొక మాట. పీర్ల పండగలో హిందువులు కూడా వుంటారని మీరు మురిసిపోతారు. కొండపల్లి షాబుఖారి బాబా ఉరుసులో అన్ని కులాలవాళ్లూ కనబడితే మత సామరస్యమని రాస్తారు. సంతోషం. కానీ దర్గాకొచ్చే ముస్లిం మీకు నచ్చినంతగా, అయిదు పూటలా నమాజు చదివే ముస్లిం యెందుకు నచ్చడు? మాలో హిందువుల పోలిక వున్నంతవరకే మేం మంచివాళ్లమా? అటు పక్క మా తబ్లీగు సోదరులు దర్గాకెళ్లేవాడు ముస్లిమే కాదంటారు. యిద్దరూ కలిసి మా జనాన్ని సగం సగం కోస్తున్నారు. తలాల్ అసద్ 1986లో వొక వ్యాసంలో, ఇస్లాంను ఆచారాల కుప్పగానో, పైనుంచి దిగిన నమూనాగానో చూడొద్దనీ, ఖురాన్‌తో హదీసుతో ముడిపడి తరతరాలుగా సాగుతున్న వాదప్రతివాదాల సంప్రదాయంగా చూడాలనీ అన్నారు. దర్గా మెట్ల మీద ఫాతెహా చదివించే నానీమా, అది తప్పని చెప్పే ఆమె మనవడూ యిద్దరూ ఆ సంప్రదాయం లోపలి వాళ్లే. వాళ్ల గొడవే రాయాల్సిన విషయం.

యెవరు రాస్తారు? అమెరికాలో కమ్యూనిటీ కాలేజీలని రెండేళ్ల కాలేజీలున్నాయి. పగలు కొట్లో పనిచేసే పిల్ల కూడా సాయంత్రం వెళ్లి ఆంత్రోపాలజీ తొలి పాఠాలు చదువుకోవచ్చు. మన దేశంలోనూ 1995లో పాండిచ్చేరి విశ్వవిద్యాలయం కమ్యూనిటీ కాలేజీ పెట్టింది, తర్వాత యూజీసీ కూడా ఆ పథకం తెచ్చింది. కానీ యిక్కడ ఆ పేరు చెబితే గుర్తొచ్చేది వృత్తి శిక్షణే. పేదోడి బిడ్డకు స్పానరూ కుట్టుమిషనూ చాలు, మనిషి గురించి ఆలోచించే పని విశాఖలోనో తిరుపతిలోనో హైదరాబాదులోనో యూనివర్సిటీ మెట్లెక్కినవాళ్లదని మన యేర్పాటు. స్పానర్ వద్దని మేం అనం. అది పట్టుకున్న చేతికి నోటుబుక్కు యెందుకివ్వరన్నదే మా ప్రశ్న.

జోరా నీల్ హర్‌స్టన్ అనే నల్లజాతి రచయిత్రి బోయాస్ దగ్గర చదువుకుని, తిరిగి తన సొంత వూరు ఈటన్‌విల్‌కే వెళ్లి అక్కడి వరండాల్లో చెప్పుకునే కథలు పోగుచేసి 1935లో పుస్తకం చేసింది. ఇబ్రహీంపట్నం పిల్లలకు చేతినిండా అంతే పని వుంది. వూరి పేరులో ఇబ్రహీం వున్నాడు, ఆ పేరు యెట్లా వచ్చిందో పెద్దలు యేమేం చెప్తారో రాయాలి. 1979లో థర్మల్ స్టేషన్ నడక మొదలుపెట్టాక యే యింటి మగవాళ్లు యే పనుల్లోకి మళ్లారో, యే ఆడవాళ్లు యింట్లో కూచునే యేం పని చేసి యెంత సంపాదించారో రాయాలి. కొండపల్లి బొమ్మ గురించి టూరిస్టు పుస్తకాలు రాశాయి, కొండపల్లి సాయిబు గురించి రాయాలి. ఉరుసులో గంధం యెవరెత్తుతారు, యెవరు వెనక నడుస్తారు, ఆ వరసలో నూర్‌బాషా యెక్కడుంటాడు, ఆడవాళ్లు యెంతవరకు రావచ్చు – మొహమాటం లేకుండా రాయాలి.

దీనికి యూనివర్సిటీ వచ్చేదాకా ఆగనక్కర్లేదు. జమాత్ గదిలోనో, లైబ్రరీలోనో, షాదీఖానాలో పెళ్లిళ్లు లేని రోజునో వారానికి రెండు సాయంత్రాలు చాలు. పాఠం తెలుగులో చెప్పాలి, వినేవాళ్లలో సగం మంది ఆడపిల్లలు వుండాలి, దూదేకుల బిడ్డ ముందు వరసలో కూచోవాలి. ప్రభుత్వాన్ని అడగాల్సింది అడుగుదాం: డిగ్రీ కాలేజీల్లో యీ సబ్జెక్టు పెట్టమనీ, పుస్తకాలు తెలుగులో వెయ్యమనీ. యీలోగా మా ముసలివాళ్లు వొక్కొక్కరే వెళ్లిపోతున్నారు. వాళ్లు వుండగానే మొదలుపెట్టాలి.