చప్పట్లు వినబడని చోట పాట

స్టేజి మ్యూజికల్‌లో పాట ఎలా పూర్తవుతుందో గమనించండి. గాయని చివరి స్వరాన్ని పట్టి నిలుపుతుంది. ఆర్కెస్ట్రా ఒక్క దెబ్బతో ముగింపు కొడుతుంది. సరిగ్గా ఆ క్షణానికే లైటు మారుతుంది. బ్రాడ్‌వే వాళ్లు దీన్ని ‘బటన్’ అంటారు. ఇక చప్పట్లు కొట్టవచ్చని జనానికి అందే సైగ అది. హాలు మోగిపోతుంది, నటి కదలకుండా అలాగే నిలబడి ఉంటుంది, హోరు తగ్గుముఖం పట్టాకే కథ మళ్లీ మొదలవుతుంది. రాసేవాళ్లు ఆ చప్పట్లకి కూడా చోటు లెక్కగట్టుకునే రాస్తారు.

అదే పాటని సినిమాలో పెడితే చివరి స్వరం తర్వాత ఏముంటుంది? ఏమీ ఉండదు. నటి మొహం తెరంతా నిండి ఉంటుంది, ఆమెకి చెయ్యడానికి పనేమీ ఉండదు. దర్శకుడు గబగబా తర్వాతి షాట్‌కి వెళ్లిపోతాడు. నాటకం ఊపిరి పీల్చుకున్న చోటే సినిమా తొట్రుపడుతుంది. గొప్ప మ్యూజికల్స్ సినిమాలై నీరుగారిపోయినప్పుడల్లా విమర్శకులు తారలనో, బడ్జెట్‌నో తిడుతూ వచ్చారు. నా మటుకు నాకు తేడా ఎక్కువగా ఇక్కడే మొదలవుతుందనిపిస్తుంది. ప్రేక్షకుడు ఎదురుగా ఉన్నాడన్న నమ్మకం మీద కట్టిన కళ ఇది. అతను లేని చోటికి తీసుకెళ్లేటప్పుడు ఆ ఖాళీలో ఏం పెట్టాలో ముందే తేల్చుకోకపోతే ఎన్ని కోట్లు పోసినా లాభం లేదు.

ఈ కళకి ఇప్పుడున్న రూపం చాలావరకు 1943 మార్చి 31న న్యూయార్క్‌లో మొదలైన ‘ఓక్లహోమా!’తో స్థిరపడింది. 1927 నాటి ‘షో బోట్’ అప్పటికే దారి వేసి పెట్టింది. అంతకుముందు చాలా మ్యూజికల్స్‌లో తెర లేవగానే అమ్మాయిల బృందం డాన్స్ చేస్తూ వచ్చేది. రిచర్డ్ రోజర్స్, ఆస్కార్ హామర్‌స్టైన్ జంట ఆ ఆనవాయితీని పక్కన పెట్టేసింది. తెర లేచేసరికి ఒక పెద్దావిడ ఒక్కతే కూర్చుని వెన్న చిలుకుతుంటుంది. రంగస్థలం బయటి నుంచి ఒక మగ గొంతు ఆ ఉదయాన్ని పొగుడుతూ వినిపిస్తుంది. పాట కథకి అతికించిన నగ కాదు, కథని నడిపించేదే పాట అని ఆ ఒక్క దృశ్యంతో తేలిపోయింది. ఆ తర్వాత వచ్చినవాళ్లు ఈ పనితనాన్ని సానబెట్టుకుంటూ పోయారు. మొదటి అంకం తొలి పావుగంటలోనే ప్రధాన పాత్ర తనకేం కావాలో ఒక పాటలో చెప్పేస్తుంది, ఇక ఆ కోరిక మన కోరికే అయిపోతుంది. విశ్రాంతికి ముందు తెర పడే పాటలో అందరి దారులూ ఒక్కచోట ముడిపడతాయి. ఆట చివర్లో, అందరూ అలసిపోయే వేళకి, ప్రధాన నటి ఒక్కతే వచ్చి గుండె కోసిచ్చే పాట ఒకటి ఉంటుంది. ఆటలు రాత్రి ఎనిమిదిన్నరకి మొదలయ్యే రోజుల్లో అది పదకొండు దగ్గర పడేది కాబట్టి ఇప్పటికీ దాన్ని పదకొండు గంటల పాట అనే అంటారు.

వీటన్నిటికంటే నాకు ముచ్చటేసేది ‘వాంప్’. నటుడు మాట పూర్తిచేసి పాట ఎత్తుకునేదాకా ఆర్కెస్ట్రా ఒకే చిన్న సంగీతపు ముక్కని తిప్పితిప్పి వాయిస్తుంటుంది. జనం నవ్వు ఎక్కువసేపు సాగితే ఇంకోసారి తిప్పుతారు, త్వరగా ఆగితే ముందుకెళ్లిపోతారు. కండక్టర్ చూపు నటుడి మీది నుంచి కదలదు. మన పద్యనాటకంలో హార్మోనియం ముందు కూర్చున్నాయన రాగం అందిస్తూ నటుడి కేసి చూసే చూపు ఎరిగినవాళ్లకి ఇది విడమర్చి చెప్పనక్కర్లేదు. రాగం ఎంతసేపు సాగాలో, పద్యం రెండోసారి పాడాలో వద్దో అక్కడ తేల్చేది హాల్లో జనమే. సినిమాలో ఆ వెసులుబాటు లేదు. సాధారణంగా షూటింగ్‌కి ముందే పాట రికార్డవుతుంది, నటుడు దానికి పెదవులు కలపాలి. ఎంత గొప్ప నటుడైనా ఎప్పుడో పీల్చిన తన ఊపిరినే మళ్లీ పీలుస్తూ నటించాల్సి వస్తుంది.

ఇంతకంటే విడమర్చి చూడాలంటే ‘ఎ కోరస్ లైన్’ని మించిన ఉదాహరణ నాకు తోచదు. దర్శకుడు మైకేల్ బెనెట్ 1974లో కొందరు డాన్సర్లని కూర్చోబెట్టి, వాళ్ల జీవితాల గురించి మాట్లాడించి టేపుల్లో పట్టాడు. హీరోయిన్ వెనకాల వరసలో నిలబడి ఆడేవాళ్లు వీళ్లు, పోస్టరు మీద పేరు కూడా పడనివాళ్లు. ఆ టేపుల్లోంచే నాటకం పుట్టింది. రంగస్థలం మీద దాదాపు ఏమీ ఉండదు. నేల మీద ఒక తెల్ల గీత, వెనక అద్దాలు, అంతే. గీత మీద పదిహేడుమంది నిలబడతారు. వాళ్లలోంచి ఎనిమిదిమందిని ఎంచుకోబోయే దర్శకుడు జాక్ ఎక్కువసేపు మనకి కనబడడు, చీకట్లో హాలు వెనకవైపు నుంచి గొంతు మాత్రమే వినిపిస్తుంది. అంటే ఆ గొంతు మన మధ్యలోంచే వస్తోంది. వాళ్లని ప్రశ్నలడిగేవాళ్లలో, తూకం వేసేవాళ్లలో మనమూ చేరిపోతాం. చివర్లో అందరూ ఒకే బంగారు రంగు దుస్తుల్లో, ఒకే టోపీతో, ఒకే అడుగు వేస్తూ వస్తారు. రెండు గంటల పాటు ఒక్కొక్కరి కథా విని దగ్గరైన మనకి ఎవరు ఎవరో ఆనవాలు కూడా దొరకదు. మెరుపులా ఉండే ఆ నాట్యం చూస్తూంటే కడుపులో దేవినట్టవుతుంది. ఆ నాట్యం అయ్యాక నటులు మళ్లీ వచ్చి వంగి దణ్ణం పెట్టే ఘట్టం కూడా ఉండదు. ఈ నాటకానికి 1976లో పులిట్జర్ వచ్చింది. 1990 దాకా బ్రాడ్‌వేలో 6,137 ఆటలు ఆడింది.

సినిమా 1985లో వచ్చింది. తీసింది రిచర్డ్ అటెన్‌బరో, మన దేశానికొచ్చి ‘గాంధీ’ తీసి ప్రపంచాన్ని కదిలించిన మనిషి. చిత్తశుద్ధికి లోటు లేదు. అయినా చీకట్లోని గొంతుకి మైకేల్ డగ్లస్ మొహం తగిలించగానే జాక్ ఒక మామూలు చిరాకు మనిషైపోయాడు. క్యాసీ అనే డాన్సర్‌కీ అతనికీ నడిచిన పాత ప్రేమకథని ఫ్లాష్‌బ్యాకుల్లో పరిచి పెట్టారు. కెమెరా గీత వదిలిపెట్టి వీధుల్లోకి వెళ్లి తిరిగొస్తుంది, వెళ్లిన ప్రతిసారీ ఆ పదిహేడుమంది బిగువు సడలిపోతుంది. అన్నిటికంటే నొప్పించేది ఒక పాటకి జరిగిన అన్యాయం. నాటకంలో పాల్ అనే కుర్రాడు మోకాలు దెబ్బతిని కూలిపోతాడు. అతన్ని ఆస్పత్రికి తీసుకెళ్లాక, ఇక ఎప్పటికీ డాన్స్ చెయ్యలేమని తేలిన రోజున మీరేం చేస్తారని జాక్ మిగిలినవాళ్లని అడుగుతాడు. దానికి జవాబుగా డయానా పాడే పాట ‘వాట్ ఐ డిడ్ ఫర్ లవ్’. ప్రేమ అంటే అక్కడ డాన్స్ మీద ప్రేమ, ఒళ్లు గుల్లచేసుకుని కూడా చింతించని ప్రేమ. సినిమాలో దాన్ని డయానా నుంచి తీసి క్యాసీకి ఇచ్చారు, ఆమె పాత ప్రియుణ్ణి తలుచుకుని పాడే పాటగా మార్చేశారు. స్వరం మారలేదు, మాట మారలేదు, చోటు మారింది. చోటు మారితే పాట ఎలా చచ్చిపోతుందో చూపించడానికి ఇంతకంటే పాఠం అక్కర్లేదు. బెనెట్ పట్టిన ఆ టేపుల విలువ తెలియాలంటే 2008 నాటి ‘ఎవ్రీ లిటిల్ స్టెప్’ డాక్యుమెంటరీ చూడండి. నాటకాన్ని 2006లో మళ్లీ కట్టినప్పటి ఆడిషన్లని పాత టేపులతో కలిపి అల్లారు. సినిమా అందుకోలేకపోయిందంతా అందులో ఉంది.

క్లోజప్ ఇంకో ప్రమాదం. ‘డియర్ ఎవన్ హాన్సెన్’లో హైస్కూలు కుర్రాడి వేషం కట్టి బెన్ ప్లాట్ 2017లో టోనీ అవార్డు గెలిచాడు. 2021లో విడుదలైన సినిమా కోసం అదే వేషం కెమెరా ముందు వేసేటప్పటికి అతనికి దాదాపు ఇరవై ఏడేళ్లు. స్టేజికీ కుర్చీలకీ మధ్యనున్న దూరం దాచిపెట్టిన వయసునంతా కెమెరా బయటపెట్టేసింది. పాడే గొంతు మునుపటిలాగే ఉంది, నమ్మకం మాత్రం కుదరలేదు. ‘క్యాట్స్’ గురించి ఇప్పటికే లోకం చెప్పాల్సినదానికంటే ఎక్కువ చెప్పింది కాబట్టి ఒక్కటే అంటాను. 1981లో లండన్‌లో ఆ నాటకం చూసినవాళ్ల ముందున్నది బిగుతు దుస్తుల్లో, రంగులు పూసుకున్న మనుషులే. వాళ్లని పిల్లులుగా చేసుకునే పని చూసేవాళ్లది, ఆ పనిలోనే ఆనందమంతా ఉంది. 2019 సినిమా ఆ పనిని కంప్యూటరుకి అప్పగించి, చర్మం మీద వెంట్రుక వెంట్రుకా మొలిపించింది. విడుదలయ్యాక కూడా గ్రాఫిక్స్ సరిదిద్ది థియేటర్లకి కొత్త ప్రింటు పంపాల్సి వచ్చింది. మనకి చెయ్యడానికేమీ మిగల్చని తెర ముందు ఊరికే కూర్చోవాలి.

అలాగని సినిమాకి చేతకాదనుకోకండి. ‘క్యాట్స్’ తీసిన దర్శకుడే, టామ్ హూపర్, 2012లో ‘లే మిజరాబ్ల్’ తీస్తూ నటులతో కెమెరా ముందే పాడించాడు. వాళ్ల చెవిలో చిన్న పరికరంలోంచి పియానో వినిపిస్తుంటుంది, వాయించేవాళ్లు నటుడి వేగాన్ని బట్టి నడుస్తారు. అంటే వాంప్‌లోని వెసులుబాటుని సెట్ మీదికి తెచ్చుకున్నాడన్నమాట. ఆన్ హాథవే మొహాన్ని దాదాపు కదలకుండా పట్టుకుని తీసిన పాటలో ఆమె మింగే ప్రతి గుక్కా వినబడుతుంది, బాల్కనీలో కూర్చున్నవాళ్లకి ఎన్నడూ అందనిది అది. కానీ ఆ సినిమాలోనే, నాటకంలో విశ్రాంతికి ముందు వచ్చే మహా గీతం ‘వన్ డే మోర్’ పలచబడిపోయింది. నాటకంలో అందరూ ఒకే నేల మీద పక్కపక్కన నిలబడి ఎవరి పాట వాళ్లు పాడుతూ కలిసిపోతారు. సినిమా ఒక్కొక్కరినీ వాళ్లవాళ్ల చోట్ల చూపిస్తూ తిరిగింది.

చిక్కుని సూటిగా విప్పినవాడు బాబ్ ఫాసీ. 1966 నాటి ‘క్యాబరే’ని 1972లో సినిమాగా తీసినప్పుడు, క్లబ్బులో పాడని పాటల్ని దాదాపు అన్నిటినీ తీసిపారేశాడు. తోటలో నాజీ కుర్రాడు పాడేది ఒక్కటే బయట మిగిలింది. మిగతావన్నీ కిట్ క్యాట్ క్లబ్బు స్టేజి మీదే, ఎదురుగా తాగుతూ నవ్వుతూ కూర్చున్న జనంతో సహా. ప్రేక్షకుడు లేడన్న బాధే లేకుండా ప్రేక్షకుణ్ణి సినిమాలోనే కూర్చోబెట్టాడు. రోజులు గడిచేకొద్దీ ఆ జనంలో నాజీ యూనిఫాంలు పెరుగుతుంటాయి. ఆ సినిమాకి ఎనిమిది ఆస్కార్లు వచ్చాయి. ఫాసీయే 1975లో స్టేజి మీద నడిపించిన ‘షికాగో’ని 2002లో రాబ్ మార్షల్ సినిమాగా తీస్తూ పాటలకి కథానాయిక రాక్సీ ఊహల్లో ఒక స్టేజి కట్టాడు. అది కూడా అదే కోవ.

తెలుగువాళ్లకి ఈ తంటా అంతా విచిత్రంగా తోచవచ్చు. మన తొలి టాకీ ‘భక్త ప్రహ్లాద’ సురభి వారి నాటకంలోంచే వచ్చింది. మన సినిమా పుట్టుకతోనే పాడింది, పాటకి ఎవరి అనుమతీ అడగలేదు. గొంతు ఒకరిది, మొహం ఒకరిది అయినా మనకి ఇబ్బంది లేదు, పాడినవాళ్ల పేరు హీరో పేరుతో సమానంగా తలుచుకుంటాం. హాలీవుడ్‌లో అలా జరగలేదు. 1964 ‘మై ఫెయిర్ లేడీ’లో ఆడ్రీ హెప్‌బర్న్‌కి చాలావరకు పాడింది మార్నీ నిక్సన్. అంతకుముందు డెబరా కెర్‌కీ, నటలీ వుడ్‌కీ ఆవిడే పాడింది. ఆ సినిమాల టైటిల్స్‌లో ఆవిడ పేరు వెయ్యలేదు. ఆవిడ మన దగ్గర పుట్టి ఉంటే రేడియోలో రోజూ పేరు మోగేది.

ఇక నలుగురిలో చెప్పుకోవడానికి జంకుతూ లోలోపల ఇష్టపడే సినిమాల సంగతి. ఇవి ఇష్టమని ఒప్పుకోవడానికి సిగ్గుపడాల్సింది ఏమీ లేదని నా గట్టి అభిప్రాయం. ‘మమ్మా మియా!’నే తీసుకోండి. 2008లో దాన్ని తీసింది నాటకాన్ని నడిపించిన ఫిలిడా లాయిడే. పియర్స్ బ్రాస్నన్ పాట విని ఏడాదికి చెత్త సహాయ నటుడన్న బిరుదు ఇచ్చారు. పాట నిజంగానే బాగుండదు. కానీ ‘డాన్సింగ్ క్వీన్’ దగ్గర చూడండి. మెరిల్ స్ట్రీప్ పాడుతూ కొండ దిగుతుంటే ఊళ్లో ఆడవాళ్లు చేతిలో పని వదిలేసి వెంటపడతారు. మోపు మోసుకొస్తున్న ముసలమ్మ కూడా ఆ మోపు విసిరేసి పరుగెత్తుతుంది. నాటకం చివర్లో జనం లేచి తాము కూడా గంతులేస్తారు, ఆ జనమే ఇక్కడ తెర మీదికి వచ్చేశారు. చివర పేర్లు పడుతున్నప్పుడు స్ట్రీప్ కెమెరాలోకి సూటిగా చూసి, ఇంకొకటి పాడమంటారా అని మననే అడుగుతుంది. గొంతులు తప్పినా ఈ కళ ఆయువుపట్టుని ఆ సినిమా పట్టుకుంది.

‘హలో, డాలీ!’ 1969లో పెద్ద నష్టం తెచ్చింది. నడివయసు విధవరాలి వేషానికి ఇరవై దాటిన బార్బ్రా స్ట్రైసాండ్‌ని పెట్టడం తప్పే. రంగస్థలంలో కెరోల్ చానింగ్ ఆర్కెస్ట్రా చుట్టూ వేసిన బాట మీద జనం మధ్యకి నడిచొచ్చేది, సినిమాలో ఆ బాట లేదు. అయినా బంగారు గౌనులో మెట్లు దిగొచ్చిన స్ట్రైసాండ్ లూయీ ఆర్మ్‌స్ట్రాంగ్‌తో కలిసి పాడే కాసేపట్లో, ఇద్దరూ ఒకరి గొంతు ఒకరు విని మురిసిపోవడం నటన కాదు. 2008లో ‘వాల్-ఇ’ తీసినవాళ్లు, చెత్త మిగిలిన భూమ్మీద ఒంటరి రోబో పదేపదే చూసే టేపుగా ఈ సినిమానే ఎంచుకున్నారు. మూత ఒకటి టోపీలా పట్టుకుని అది స్టెప్పులు నేర్చుకుంటుంది, చెయ్యి చెయ్యి పట్టుకోవడం కూడా ఇందులో చూసే తెలుసుకుంటుంది.

నా వరకు అన్నిటికంటే మొండి ఇష్టం ‘పెయింట్ యువర్ వాగన్’. 1951 నాటి నాటకం కథని మార్చేసి, బంగారం తవ్వేవాళ్ల మధ్య లీ మార్విన్‌నీ క్లింట్ ఈస్ట్‌వుడ్‌నీ దింపి, వాళ్ల చేత నిజంగా పాడించి 1969లో విడుదల చేశారు. సినిమా పొడుగు, బురద, గందరగోళం. మార్విన్‌కి స్వరజ్ఞానం లేదు. కానీ ‘వాండరిన్ స్టార్’లో, బావి అడుగు నుంచి వచ్చినట్టున్న ఆ గొంతుతో, తాను ఎక్కడా స్థిరపడలేని మనిషినని చెబుతుంటే పాత్రకీ పాటకీ మధ్య సందే ఉండదు. శిక్షణ పొందిన గాయకుడు ఆ పాటని ఇంత నిజంగా పాడలేడు. 1970 మార్చిలో బ్రిటన్ రికార్డుల పట్టికలో ఆ పాట మొదటి స్థానంలో కూర్చుని, బీటిల్స్ వాళ్ల ‘లెట్ ఇట్ బీ’ని రెండో స్థానంలోనే ఆపేసింది.